వంతు తప్పిన బుధవారం

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున ఎండ కాస్తూనే ఉంది, పడమట మబ్బు కమ్మే ఉంది. మధ్యలో ఓ తెల్లటి చార, గోడకు సున్నం వేస్తున్నవాడు సగంలో నిచ్చెన దిగి వెళ్ళిపోయినట్టు. పైతాత కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆరున్నర నుంచీ దాన్నే చూస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఎదురుగా రెండో కుర్చీ దులిపించి వేయించాడు. ఆ కుర్చీ తొమ్మిది బుధవారాలుగా ఖాళీగానే ఉంది. ఇది పదోది.

ఆయన్ని పైతాత అనడానికి కారణం ఉంది. యంత్రాలు రాకముందు కలప అడితిలో దుంగల్ని మనుషులే కోసేవారు. నిలువెత్తు గొయ్యి తవ్వి, దాని మీద అడ్డంగా దుంగ పెట్టి, ఒకడు దుంగ మీద నిలబడితే ఇంకొకడు గోతిలో నిలబడేవాడు. ఇద్దరి మధ్యా మనిషంత రంపం. దుంగ మీదివాడు పైవాడు, గోతిలోవాడు కిందివాడు. పైతాతా, ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవలసిన స్నేహితుడూ ఇరవై ఏళ్ళు నిండకుండానే ఒకే రంపానికి చెరో పిడి పట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు వదల్లేదు. తర్వాత అడితి మూతపడింది. గొయ్యి పూడ్చి దాని మీద సైకిల్ షెడ్డు వేశారు. పేర్లు మాత్రం పోలేదు. మనవల కాలానికి అవే పైతాత, కిందితాత అయ్యాయి. ఇప్పుడు ఈయనకు తొంభై, ఆయనకు ఎనభై తొమ్మిది.

రంపపు కోతలో నియమం ఒక్కటే. లాగాలి, తోయకూడదు. కిందివాడు కిందికి లాగినప్పుడు చెక్క తెగుతుంది. లాగాక చెయ్యి వదులు చేయాలి. అప్పుడు పైవాడు పైకి లాగుతాడు. తన వంతు కాని వేళ ఎవడు బలం పెట్టినా రంపం వంగుతుంది, గీత తప్పుతుంది, పలక పాడవుతుంది. అడితికి బుధవారం సెలవు. ఆ సెలవు పూట ఒకరింటికి ఒకరు వెళ్ళడం కూడా వీళ్ళు అలాగే పెట్టుకున్నారు. ఈ వారం ఈయన వెళ్తే వచ్చే వారం ఆయన రావాలి. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, భార్యలు పోయారు. ఒకరికి చెవులు మందగించాయి, ఒకరికి మోకాళ్ళు అరిగాయి. డెబ్భై ఏళ్ళలో ఏనాడూ ఇద్దరూ వరస తప్పలేదు. తొమ్మిది వారాల కిందటి వరకూ.

"మామయ్యా, టీ చల్లారిపోతోంది," అంది కోడలు. ఆవిడకూ అరవై దగ్గర పడింది. మామగారి చెవిన పడాలంటే గొంతు ఎంత పెంచాలో ఆ ఇంట్లో ఆవిడకొక్కదానికే తెలుసు.

"వాడొచ్చాక తాగుతా."

"ఆయన రారని పోయిన వారమే తేలిపోయిందిగా. మీరే వెళ్ళొచ్చుగా."

"నా వంతు కాదు."

"వంతులేమిటి మామయ్యా, కుళాయి దగ్గర బిందెల వరసలాగా. తొంభై ఏళ్ళొచ్చాయి."

"తొంభై ఏళ్ళొస్తే వరస తప్పమన్నారా ఎవరన్నా?"

"పోనీ ఫోన్ చేసిస్తా, మాట్లాడండి."

"వాడు ఫోన్లో తల ఊపుతాడు. నాకేం వినపడుతుంది?"

"నోరు తెరిచి మాట్లాడినా మీకు వినపడదుగా," అని ఆవిడ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అదీ నిజమే, తల ఊపడమూ నిజమే. గోతిలో నోరు తెరిస్తే నోటినిండా రంపపు పొట్టు. అందుకని కిందితాత ముప్పై నాలుగేళ్ళు తల ఊపుతూనే పని చేశాడు. అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా. ఫోన్ చెవికి పెట్టుకున్నా అదే అలవాటు. అవతలి వాళ్ళు హలో హలో అంటూ ఉంటారు, ఆయన శ్రద్ధగా తల ఊపుతూ ఉంటాడు.

నిజానికి ఇద్దరి మధ్యా గొడవేమీ లేదు. జరిగిందల్లా పదునాయన పోవడం. పదునాయన అంటే అడితిలో రంపాల పళ్ళు తీర్చి, ఆకురాయితో పదును పెట్టిన మనిషి. వీళ్ళకంటే మూడేళ్ళు పెద్ద, అన్నలాంటివాడు. ఆయన ఇల్లు సరిగ్గా దారి మధ్యలో ఉంది. వంతు ఎవరిదైనా సరే, వెళ్ళేవాడు అక్కడ దిగి, ఆ మొగుడూ పెళ్ళాలతో ఓ టీ తాగి, తర్వాతి బస్సెక్కేవాడు. పదునాయన మంగళవారం పోయాడు, బుధవారం సాగనంపారు. ఆ బుధవారం వెళ్ళే వంతు పైతాతది. ఇద్దరూ పదునాయన వాకిట్లో ఒకే బల్ల మీద సాయంత్రం దాకా పక్కపక్కనే కూర్చున్నారు. అంటే తన వంతు తీరిపోయినట్టే అని పైతాత అనుకున్నాడు. ఇక రావలసింది వాడు. వాడు రాలేదు.

మొదటి వారం ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. కోడలు ఫోన్ చేసి కనుక్కుంటే, బాగానే ఉన్నాడు, తింటున్నాడు అని కబురు. రెండో వారం మోకాళ్ళు అనుకున్నాడు. మూడో వారం కోపం వచ్చింది. ఆరో వారానికి కోపం కూడా లేచి వెళ్ళిపోయి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. పదునాయనతో పాటే వాడికి అన్నీ చాలనిపించాయేమో. ఈ వయసులో స్నేహం తెగిపోవడానికి పోట్లాట అక్కర్లేదు. ఒకడు రావడం మానేస్తే చాలు, చప్పుడు కూడా కాదు.

ఆకాశంలో చార కాస్త వెడల్పయింది. పైతాత ఖాళీ కుర్చీ వైపు చూస్తూ అందులో కిందివాణ్ణి కూర్చోబెట్టి చూసుకున్నాడు. తల కనపడింది, భుజాలు కనపడ్డాయి. వాడికి ఒక చేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. పెళ్ళయిన ఏడు దుంగ జారి నలిగింది. నలిగినప్పుడు కట్టు కట్టింది తనే. అయితే అది ఏ చెయ్యి?

గుర్తు రాలేదు.

కళ్ళు మూసుకున్నాడు. రంపం కింది పిడి కనపడింది, దాని మీద రెండు చేతులూ కనపడ్డాయి. వేళ్ళన్నీ ఉన్నాయి. తన చేతులు ఎత్తి చూసుకున్నాడు. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. లక్షసార్లు చూసిన చెయ్యి. తొమ్మిది వారాలకే వేలు పోయింది, ఇంకో తొమ్మిది వారాలు కూర్చుంటే ఏం మిగులుతుంది?

"అమ్మాయ్, నా కర్ర ఎక్కడ?"

కోడలు వచ్చి చూసింది. "ఎక్కడికి?"

"బస్సుకి."

"మరి వంతు?"

"ఆ సంగతి వాడి మొహం మీదే అడుగుతా."

ఇంకో మాట అంటే మనసు మార్చుకుంటాడని ఆవిడకు తెలుసు. కర్ర అందించి, చొక్కా జేబులో ఒక చీటీ పెట్టింది. "మన ఫోన్ నంబరు."

"నేనేం తప్పిపోతాననా?"

"మీరు తప్పిపోరు. మీకు దారి చెప్పబోయినవాళ్ళు తప్పిపోతారు," అని ఆవిడే తీసుకెళ్ళి బస్సెక్కించింది.

బస్సులో పెద్దవాళ్ళ సీట్లో ఓ డెబ్భై ఏళ్ళాయన కూర్చుని ఉన్నాడు. పైతాతను చూసి లేవబోయాడు. "కూర్చో బాబూ, నీకూ వయసొస్తోంది," అని పైతాత ఆ పక్కనే సర్దుకున్నాడు. టిక్కెట్లు కొట్టే అమ్మాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

బస్సు పిండిమర దాటింది. సైకిల్ షెడ్డు దాటింది. తర్వాతి ఆగేచోటు పదునాయన ఇంటి ముందు. కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. పైతాత వాటిని ఆపాడు. ఆయన లేని ఇంట్లో ఏం మాట్లాడాలి? తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. వాకిట్లో పదునాయన భార్య తీగ మీద బట్టలు ఆరేస్తోంది. బస్సు ఆగింది. పైతాత మొహం అవతలి కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. బస్సు కదిలింది.

కిందితాత ఉండేది కూతురి దగ్గర. ఆ అమ్మాయి బట్టలు కుడుతుంది. మెట్ల కిందికే మిషను చప్పుడు వినపడాలి, కానీ పైతాతకు తలుపు తెరుచుకున్నాక గానీ మిషను ఆగిందో నడుస్తోందో తెలియదు. తలుపు తీసిన కూతురు ఆయన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది.

"పెదనాన్నా," అంది సూది తీసి. "నాన్న మీ ఇంటికే బయల్దేరాడు. పాలవాన్ అటే వెళ్తుంటే ముందు సీట్లో ఎక్కించాను. గంటయింది."

"ఎటు?"

"మీ ఇంటికి," అంది మళ్ళీ, చెవి దగ్గరగా. "వంతెన మీదుగా."

పైతాత గుమ్మంలోని స్టూలు మీద కూలబడ్డాడు. ముందు సంతోషం వచ్చింది. దాని వెనకే, అదేమిటి నేనొస్తే వాడు ఇంట్లో లేడేమిటని కోపం కూడా వచ్చింది. ఆ అమ్మాయి తెచ్చిన మంచినీళ్ళు తాగి, కాసేపు ఆమె చేతుల వైపు చూశాడు.

"అమ్మాయ్, మీ నాన్నకి సగం వేలు ఏ చేతికి?"

ఆమె చెప్పబోయి ఆగింది. తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. "ఎడమ," అంది చివరికి. "ఎడమే. బడికి తీసుకెళ్ళేటప్పుడు నేను కుడిచెయ్యి పట్టుకునేదాన్ని. దానికి వేళ్ళన్నీ ఉండేవి. ఎందుకు పెదనాన్నా?"

"ఏం లేదు. అడగాలనిపించింది."

అంతలో ఫోన్ మోగింది. పైతాత కోడలు. కిందితాత కూతురు స్పీకరు పెట్టి, ఫోన్ ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. అవతలి మాటలు ఆమె పైతాతకు గట్టిగా అప్పజెబుతూ వచ్చింది.

"మీ నాన్నగారు మా మామయ్య కుర్చీలో కూర్చున్నారు," అంది కోడలు. "వాడేడీ అని అడుగుతున్నారు."

"ఆయన ఇక్కడ మా స్టూలు మీద."

ఆడవాళ్ళిద్దరూ కాసేపు నవ్వుకున్నారు. పైతాత నవ్వలేదు. "వాణ్ణి ఇంటికి రమ్మను. వచ్చిన మనిషిని వదిలేసి పోవడం ఏం పద్ధతి?"

"చిన్నమామయ్య తల అడ్డంగా ఊపుతున్నారు," అంది కోడలు. "తనూ వచ్చిన మనిషేనట."

"తొమ్మిది వారాలు ఎందుకు రాలేదో అడుగు."

అవతల అడగడం, చెప్పడం అయ్యాయి. తర్వాత కోడలు గొంతు మారింది. "వంతు మీదేనట మామయ్యా. సాగనంపిన రోజు వంతులోకి రాదట. అది పదునాయన వాకిలి, మా ఇల్లు కాదుగా అంటున్నారు. మీ కోసం ప్రతి బుధవారం చూశారట."

"నేను చొక్కా వేసుకుని బయల్దేరానా లేదా? పక్కన కూర్చున్నామా లేదా?"

"నిలువుగా ఊపుతున్నారు. కూర్చున్నారట. అయినా రాదట."

కిందితాత కూతురు టేపు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే అక్కడ మీరు, ఇక్కడ నాన్న, గడ్డాలు గీసుకుని తొమ్మిది వారాలు కూర్చున్నారా? నాన్న కూడా బుధవారమైతే గుమ్మం వదల్లేదు పెదనాన్నా. ఏమిటి నాన్నా అంటే ఏం లేదన్నాడు."

ఇందాక ఈ అమ్మాయితో తనూ అదే మాట అన్నానని పైతాతకు గుర్తొచ్చింది. ఫోన్ వైపు వంగాడు. "నా వంతే అని వాడనుకుంటే, మరి వాడెందుకు బయల్దేరినట్టు?"

ఈసారి ఆడవాళ్ళ అవసరం లేకపోయింది. కిందితాతే ఫోన్ దగ్గరికి వచ్చి అరిచాడు. గోతిలోంచి పైకి అరిచే గొంతు అది. పైతాత చెవికి అక్షరం అక్షరం అందింది.

"బాగానే ఉన్నావన్నారు. పదునాయన కూడా సోమవారం దాకా బాగానే ఉన్నాడన్నారు. నా కళ్ళతో చూద్దామని వచ్చా. నువ్వెందుకొచ్చావ్?"

పైతాత వేలి సంగతి చెప్పలేదు. "పనీపాటా లేక," అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని కర్ర పట్టుకుని లేచాడు. "ఉండు. నేనే వస్తున్నా."

"నువ్వుండు. నేనే వస్తున్నా," అన్నాడు కిందితాత.

"ఇద్దరూ లేచారు మళ్ళీ," అంది కోడలు. "ఎవరో ఒకరు కూర్చోండి మహానుభావులారా. లేకపోతే ఈ పూటంతా మీరు ఒకరికొకరు ఎదురెళ్ళడమే సరిపోతుంది."

ఎవరూ కూర్చోలేదు. ఇంతసేపూ నువ్వు రా అంటే నువ్వు రా అన్నవాళ్ళు ఇప్పుడు నేనొస్తానంటే నేనొస్తానని పట్టుబట్టారు. పైతాత మెట్ల దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. పదునాయన వాకిలి అన్నాడు వాడు. ఆ వాకిట్లో బట్టలు ఆరేస్తున్న చెయ్యి గుర్తొచ్చింది. దారిలో ఆగే ఇల్లు అది. తొమ్మిది వారాలుగా ఇద్దరూ దారే నడవకపోతే, ఆ ఇంటి ముందు ఎవరాగి ఉంటారు?

వెనక్కి వచ్చాడు. "ఈ తొమ్మిది వారాల్లో వదిన్ని చూశాడేమో అడుగు."

ఆ అమ్మాయి అడిగింది. అవతలి నుంచి కోడలు మెల్లగా చెప్పింది. "తల ఊపట్లేదు. కిందికి చూస్తున్నారు."

"నేను ఇవాళ ఆ గుమ్మం ముందు నుంచే వచ్చా. దిగలేదు," అన్నాడు పైతాత. కొంచెం ఆగి, "వాణ్ణి అక్కడ దింపు అమ్మా. నేనూ దిగుతా," అన్నాడు.

పదునాయన భార్యకు ఎనభై ఆరు. నడుం వంగింది గానీ చూపూ నోరూ వంగలేదు. కొడుకూ కోడలూ పనికెళ్తే పగలంతా ఒక్కతే. పైతాత వెళ్ళేసరికి వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతోంది. గోడకు మొగుడి ఆకురాళ్ళు పొడవు వరసన వేలాడుతున్నాయి. అందులో చిన్నది ఆమె పక్కన బల్ల మీద ఉంది, కత్తికి ఇప్పుడు ఆమే పదును పెట్టుకుంటున్నట్టు.

"ఏమయ్యా మరిదీ, పొద్దున బస్సులో పోయింది నువ్వే కదూ?"

పైతాత వంగి చెప్పులు విప్పబోయాడు.

"మొహం తిప్పుకుంటే తెలియదనుకున్నావా? ఆ చేటల్లాంటి చెవులు ఈ చుట్టుపక్కల ఇంకెవరికున్నాయి? వినపడకపోయినా కనపడతాయిగా."

"తప్పే వదినా."

"సరేలే. ఆ కాళ్ళు తుడుచుకుని లోపలికి రా." ఆమె దుంపను రెండు చెక్కలు చేసింది. "నాలుగు బుధవారాలు రెండు కప్పులకి నీళ్ళు పెట్టాను. మీలో ఎవడో ఒకడు వస్తాడని. తర్వాత మానేశా."

నిష్ఠూరంగా అనలేదు. దుంపలు ఎన్ని తరిగిందో చెప్పినట్టే చెప్పింది. పైతాతకు నిష్ఠూరమైతేనే బాగుండేదనిపించింది. ఆమె ఎదురుగా కూర్చుని ఓ దుంప తీసుకుని, చేతకాకపోయినా తొక్క తీయడం మొదలుపెట్టాడు. ఆయన తీసిన తొక్కలు మందంగా ఉన్నాయి. ఆమె ఇంకో దుంప అటు జరిపింది.

బయట ఆటో ఆగింది. కోడలు కిందితాతను దించి, గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తెచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. కిందితాత గడప దగ్గర ఒక్కో కాలే లోపల పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు కింది నుంచి పైదాకా చూసుకున్నారు.

"వచ్చావా."

"వచ్చా."

"మోకాళ్ళు?"

కిందితాత తల అటూ ఇటూ కాకుండా ఊపాడు. తర్వాత వదిన వైపు తిరిగి, సంచిలోంచి అరడజను కోడిగుడ్లు తీసి ఆమె ముందు పెట్టాడు. దారిలో ఆటో ఆపించి కొన్నాడు.

"గుడ్లు తెస్తే ఊరుకుంటాననా?" అంది ఆమె. కానీ తీసుకుంది.

దుంపలు పొయ్యి మీదికెక్కాయి. ఇద్దరూ గోడ పక్క బల్ల మీద కూర్చున్నారు. కాసేపటికి మొదలైంది.

"ఇవాళ్టిది ఎవరి వంతు కింద పోతుంది?" అన్నాడు పైతాత.

"నాది. నేను ముందు బయల్దేరా."

"నేను నీ ఇంట్లో మంచినీళ్ళు తాగా."

"నేను నీ కుర్చీలో కూర్చున్నా. నీ టీ కూడా తాగేశా."

"అది నీ కోసం పెట్టిందేరా."

"మరింకేం. నీ ఇంటికొచ్చినట్టేగా."

"ఆపండి," అంది వదిన గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి. "ఇవాళ మీరిద్దరూ వచ్చింది నా ఇంటికి. అంటే వచ్చే బుధవారం వంతు నాది. ఎవరింటికి రావాలో చెప్పండి."

ఆ సంగతి వాళ్ళకు తట్టనే లేదు. డెబ్భై ఏళ్ళుగా ఆ ఇంట్లో టీ తాగారు గానీ, ఈమెను ఒక్కనాడూ మా ఇంటికి రా వదినా అనలేదు.

"నువ్వెలా వస్తావు?" అన్నాడు పైతాత చివరికి.

"నువ్వెలా వచ్చావు? ఆ బస్సులోనే. నేనైతే మొహం తిప్పుకోను."

కిందితాత నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. పైతాత వాడి వీపు మీద రెండు దెబ్బలు వేశాడు, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా.

"మా ఇంటికి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇదిప్పుడే తేలేది కాదు," అంది వదిన. "ముందు తినండి."

ఒక్క మనిషికని వండిన అన్నం అది. దుంపల కూరా, ఆరు గుడ్లూ తోడయ్యేసరికి ముగ్గురికి ఎలాగో సరిపోయేలా ఉంది. ఆమె కంచాలు పెట్టింది, ఇద్దరూ బల్లను ముందుకు జరిపారు. ముగ్గురూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. అడితిలో మాట్లాడుతూ తినడానికి వీలుండేది కాదు, పొద్దు వాలేలోగా దుంగ పూర్తి కావాలి. ఇప్పుడు తొందరేమీ లేదు. అయినా ఎవరూ మాట్లాడలేదు. పళ్ళు లేని కిందితాత గుడ్డును చిదిమి మెత్తగా కలుపుకున్నాడు. కాసేపటికి ఉప్పు కోసం చుట్టూ చూశాడు. పైతాత డబ్బా అటు జరిపాడు. వదిన గిన్నె వంచి అడుగున మిగిలినదాన్ని మూడు భాగాలు చేసి మూడు కంచాల్లో పెట్టింది. వాళ్ళు తలలు వంచుకుని నెమ్మదిగా తింటూ ఉన్నారు.